శ్రీకాకుళం డీజిల్ షెడ్డులో ఈజీఆర్ క్లీనింగ్

పికప్ తడబడే డీజిల్ కారుకి డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరున్న ఈ షెడ్డు మంచి చోటు. రాగానే ఇంజెక్టర్లు మార్చమనరు. స్కానర్ పెట్టి 1500-2000 ఆర్‌పీఎం మధ్య బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి), ఎయిర్‌ఫ్లో రీడింగులు చూస్తారు. టర్బో హోస్ చిట్లిందా, డీజిల్ ఫిల్టర్లో నీళ్లు చేరాయా అన్నది తేలాకే ఈజీఆర్ వాల్వ్, అంటే పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి వదిలే వాల్వ్, విప్పుతారు.

లోపల తారులాంటి మడ్డి ఉంటుంది. సైలెన్సర్‌కి పోవాల్సిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకే వస్తుంది కదా, ఆ మసికి ఆయిల్ ఆవిరి తోడై గట్టిపడుతుంది. వాల్వ్ పూర్తిగా మూసుకోదు. యాక్సిలరేటర్ తొక్కగానే మంచి గాలి చాలక బండి గునుస్తుంది. ఇక్కడ ఇంజిన్‌లోకి గాలి పంపే ఇన్‌టేక్ మేనిఫోల్డ్ కూడా దించి గీకి కడుగుతారు, గాస్కెట్ కొత్తది వేస్తారు.

ఈజీఆర్ మూసేయమంటే మాత్రం ఒప్పుకోరు, అదే బాగా నచ్చింది. మూస్తే పికప్ వస్తుంది నిజమే. కానీ మంట వేడి పెరిగి నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువవుతాయి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండైతే చెక్ లైటూ వెలుగుతుంది. ఊళ్లోనే తిరిగే బళ్లకి డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) నిండకుండా అప్పుడప్పుడు హైవే మీద రణస్థలం వైపు ఓ 20 నిమిషాలు, గంటకి 60 కి.మీ. పైన, ఆపకుండా నడపమంటారు.

టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మాత్రం అడిగితేనే కడుగుతారు. అందులో ఆయిల్ నిలిస్తే మేనిఫోల్డ్ మళ్లీ తొందరగా పట్టేస్తుంది, అడిగి చేయించుకోండి.