మారనెల్లోలో అరగంట ఫెరారీ

ఇటలీ వెళ్లి ఫెరారీ నడపాలనుకుంటున్న వాళ్లకి ముందే చెప్తున్నా, పది నిమిషాల ప్యాకేజీ తీసుకోకండి. ఫెరారీ ఫ్యాక్టరీ ఉన్న మారనెల్లో ఊళ్లోని రౌండబౌట్లు, సిగ్నళ్లు దాటేసరికే సగం టైమ్ అయిపోతుంది. డబ్బు ఎక్కువైనా సరే అరగంట తీసుకుని, సెర్రామజ్జోని వైపు కొండెక్కే రోడ్డే కావాలని అడగండి.

మిలాన్‌లో చదువుతున్న మా తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్లి, రెండు రోజులు ఇటు వచ్చాం. మిలాన్ నుంచి మోడెనాకి మామూలు రైల్లో రెండు గంటలు. అక్కణ్ణుంచి దక్షిణంగా 18 కిలోమీటర్లు వెళ్తే మారనెల్లో. రూమ్ మోడెనాలోనే, స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో తీసుకున్నాం. మీరూ అలాగే చేయండి. మారనెల్లో ఫ్యాక్టరీ ఊరు, చీకటి పడితే సద్దుమణిగిపోతుంది. మోడెనాలో మాత్రం ఘిర్లాందీనా గోపురం కింద ఎంతసేపు కూర్చున్నా ఇంకాసేపు ఉందామనిపిస్తుంది. రెండు ఊళ్లలోనూ ఉన్న ఫెరారీ మ్యూజియాలకీ స్టేషన్ నుంచి షటిల్ బస్సు ఉంది.

మ్యూజియాల్లో మోడెనాది ఎంజో ఫెరారీ 1898లో పుట్టిన ఇంటి దగ్గర ఉంది, కారు బానెట్‌లా వంగిన పసుపు పైకప్పుతో. మారనెల్లోలో ఉన్నదాంట్లో ఫార్ములా వన్ కార్లుంటాయి. ఒక్కదానికే టైముంటే మారనెల్లోదే చూడండి. సిమ్యులేటర్‌కి పెట్టే డబ్బు మిగుల్చుకోండి, బయట రోడ్డు మీద నిజం కారే ఉంది.

మ్యూజియం చుట్టుపక్కలే కార్లు అద్దెకిచ్చే షాపులు. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా దగ్గర పెట్టుకోండి. మేం ముందు వెళ్లిన షాపులో బోర్డు మీద ఒక రేటు, కౌంటర్ దగ్గర ఇంకో రేటు. ఇన్సూరెన్స్ వేరే, వీడియో వేరే అన్నారు. నాకు చాలా కోపమొచ్చింది, లేచి వచ్చేశాం. రెండో షాపులో అన్నీ కలిపి ఒకే కాగితం మీద రాసిచ్చారు. డ్యామేజీ అయితే మన చేతి నుంచి ఎంత పడుతుందో ఆ కాగితంలో చూసుకున్నాకే సంతకం పెట్టండి.

నాకిచ్చింది 458 ఇటాలియా. బ్రేకు తొక్కిపెట్టి స్టీరింగ్ మీదున్న ఎర్ర బటన్ నొక్కగానే వీపు వెనకాల ఇంజిన్ ఒక్కసారి గర్జించి సర్దుకుంది. ఇండికేటర్లు కూడా స్టీరింగ్ మీద బటన్లే, మొదటి రెండు మలుపుల్లో నా చెయ్యి లేని కాడ కోసం వెతుక్కుంది. పక్కన కూర్చున్న ట్రైనర్ "పియానో, పియానో" అంటూనే ఉన్నాడు, మెల్లగా మెల్లగా అని. ఊళ్లో 50 దాటకూడదు.

ఊరు దాటి కొండ మొదలయ్యాక "వాయ్!" అన్నాడు. పోనివ్వు అని అర్థం. ఎడమ ప్యాడిల్ లాగి గేరు తగ్గించాను. ఈ కారుకి టర్బో లేదు. నాలుగున్నర లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ తనంతట తనే గాలి పీల్చుకుంటూ 9000 ఆర్‌పీఎమ్ దాకా ఎక్కుతుంది. 570 హార్స్‌పవర్ అని చదివినప్పుడు స్పీడు గురించే అనుకున్నాను. ఆ మలుపుల్లో నేను 80 దాటనే లేదు. నన్ను కట్టిపడేసింది వేరే. పాదం వేలెడంత కదిపితే చప్పుడూ అంతే కదులుతుంది, స్టీరింగ్ కొంచెం తిప్పితే ముందు చక్రాలు అప్పటికే అటు తిరిగి ఉంటాయి. మనసులో అనుకోవడానికీ కారు చేయడానికీ మధ్య ఖాళీయే లేదు. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజిన్ చెప్తుంది, మీటర్ చూడక్కర్లేదని స్కూటర్ నేర్పేటప్పుడు అనేవారు. ఆ మాట అక్కడ పూర్తిగా అర్థమైంది.

తిండి సంగతి: శాకాహారులైతే టోర్టెల్లినీ అనే పాస్తా జోలికి పోకండి, లోపల పంది మాంసం ఉంటుంది. న్యొక్కో ఫ్రిట్టో మన పూరీలా కనిపిస్తుంది గానీ సంప్రదాయంగా పంది కొవ్వులోనే వేయిస్తారు. దాని బదులు గుమ్మడికాయ పెట్టిన టోర్టెల్లీ అనే వేరే పాస్తా అడగండి. చాలా బాగుంది.

రాత్రి రూమ్‌కొచ్చాక తమ్ముడు ఫోన్లో తీసిన రికార్డింగ్‌ని వీడియో కాల్‌లో నాన్నకి వినిపించాం. కళ్లు మూసుకుని విన్నారు. "రెండో మలుపు దగ్గర గేరు లేటుగా వేశావురా," అన్నారు. "ఏదీ, మళ్లీ పెట్టు."