లాడ్జి స్టాఫ్‌కి నాటకంతో ట్రైనింగ్: ఆటలకి పంపండి, స్లైడ్లకి వద్దు

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్ చూసుకుంటాను. మా కౌంటర్‌కి హోసూరు వాళ్లొస్తారు, షోలాపూర్ వాళ్లొస్తారు, శ్రీసిటీ ఫ్యాక్టరీల పని మీద వచ్చి కొండ కూడా చూసిపోదామనుకునే విదేశీయులూ వస్తారు. వేరే సంస్కృతుల వాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పిస్తామని ఒక ట్రైనింగ్ సంస్థ వర్క్‌షాపు పెడితే మా ఓనర్ మమ్మల్ని పంపించాడు.

మొదట పేకాట. నవ్వొద్దబ్బా, పందెం లేదు. ఈ ఆట పేరు బార్న్‌గా. శివశైలం త్యాగరాజన్ అనే ఆయన 1980లో, లైబీరియాలో ఉన్నప్పుడు పుట్టిన ఆలోచన. రూల్స్ కాగితం చదివించి లాగేసుకుంటారు, ఆ తర్వాత నోరు మెదపకూడదు. గెలిచినవాళ్లు ఒక టేబుల్‌కి, ఓడినవాళ్లు ఇంకో టేబుల్‌కి మారాలి. ఒక్కో టేబుల్‌కి ఒక్కో రకం రూల్స్ ఇచ్చారని మాత్రం చెప్పరు. మా దగ్గర ఆసు పెద్దది, పక్క టేబుల్లో అదే అన్నిటికన్నా చిన్నది. ఆసు వేసి ముక్కలు తీసుకోబోతే ఎదుటాయన లాక్కున్నాడు. దొంగాట అనే అనుకున్నా, ఆయనా నన్ను అట్లే చూశాడు. మా లాడ్జిలో మధ్యాహ్నం 12కి ఖాళీ చెయ్యాలి, పక్క లాడ్జిలో దిగినప్పట్నుంచి 24 గంటలు. రోజూ కౌంటర్ దగ్గర జరిగే గొడవ ఇదే కదా!

తర్వాత ఫోరం థియేటర్, బ్రెజిల్ నాటకకారుడు అగస్టో బోల్ పద్ధతి. బెడిసికొట్టిన సన్నివేశాన్ని మళ్లీ ఆడతారు, చూసేవాళ్లలో ఎవరైనా 'ఆపండి' అని ఇబ్బందిలో ఉన్న పాత్రలోకి దూరొచ్చు. గెస్టుని మార్చే వీల్లేదు, రిసెప్షనిస్టే మారాలి. ఈ నియమం నాకు తెగ నచ్చింది. మేమిచ్చిన సన్నివేశం: తిరుమలలో అన్యమతస్థులు స్వామి మీద నమ్మకం ఉందని డిక్లరేషన్ రాసివ్వాలి కాబట్టి, రిసెప్షన్‌లో ఒక విదేశీ ఆవిడని "మీ మతం ఏంటి?" అని మొహమ్మీదే అడిగేస్తారు. ఆవిడకి కోపం. ఆవిడగా వేసింది మా రూంబాయ్. గంగమ్మ జాతరకి ఏటా చీర కట్టే మనిషి, సిగ్గెక్కడిది? ఒకాయన ఇంగ్లీషులో సారీలు చెప్తూనే ఉన్నాడు, ఇంకొకాయన కాగితం చేతిలో పెట్టేశాడు, ఆవిడ కరగలేదు. చివరికి హౌస్‌కీపింగ్ అక్క లేచి ఏమీ అడక్కుండా, "కొండ మీద ఇట్లా ఒక పద్ధతి ఉందమ్మా, అందరికీ చెప్తాం" అనింది. గెస్టే తనంతట తాను విషయం చెప్పింది. ఇప్పుడు మా కౌంటర్‌లో ఇదే వరస.

భోజనాలయ్యాక స్లైడ్లు. జపాన్ వాళ్లు ఇట్లా, అరబ్బులు అట్లా అని జాబితాలు. పొద్దున చేయించినదానికి పూర్తిగా అడ్డం. అదీ అంతా ఇంగ్లీషే, మాలో సగంమంది కునికారు.

ఐదు మార్కులకి మూడున్నర ఇస్తాను. పంపాలనుకునే ఓనర్లు మధ్యాహ్నం కూడా నాటకమే పెట్టమని ముందే మాట్లాడుకోండి. రూంబాయ్‌లని, హౌస్‌కీపింగ్ వాళ్లని వదిలేసి ఒక్క రిసెప్షన్ వాళ్లనే పంపితే మాత్రం డబ్బులు దండగ.