చెయ్యి తిరగడమా, పనిముట్టు తిప్పడమా: ఏది మేలు?

ఒకే పనిని ఏళ్ల తరబడి పట్టుకుని, దాని ఆనుపానులన్నీ తెలిసేదాకా నేర్చుకోవడం ఒక దారి. పైపైన తెలుసుకుని మిగతాది యంత్రం చేత చేయించుకోవడం ఇంకో దారి. ఇప్పుడు చాలామంది మొగ్గు రెండోదాని వైపే. వాళ్లను తప్పుపట్టలేం.

లండన్ టాక్సీ డ్రైవర్లనే చూడండి. లైసెన్సు కోసం దాదాపు 25 వేల వీధులు బుర్రలో పెట్టుకోవాలి. అందుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. వాళ్ల మెదడులో దారులను గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్ వెనకభాగం మామూలువాళ్ల కన్నా పెద్దగా ఉందని 2000లో ఎలినార్ మాగ్వైర్ బృందం తేల్చింది. అంత సాధన! తీరా ఫోన్లో మ్యాపు వచ్చాక, నిన్న మొన్న ఊళ్లోకి వచ్చినవాడు కూడా బండి నడుపుకుంటున్నాడు. కష్టపడి నేర్చుకున్నంత మాత్రాన ఆ విద్యకు ఎప్పటికీ గిరాకీ ఉంటుందన్న హామీ లేదు.

ఐతే మ్యాపు తప్పు దారి చూపిస్తే ఏమవుతుంది? కాస్త చుట్టు తిరుగుతాం, అంతే. తప్పు వెంటనే బయటపడుతుంది, దిద్దుకోవచ్చు. విమానంలో అలా కుదరదు.

2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం వేగం కొలిచే గొట్టాల్లో మంచు చేరింది. కొలతలు పొంతన లేకుండా పోవడంతో ఆటోపైలట్ తప్పుకుంది. నిమిషం లోపే కొలతలు మళ్లీ సరిగా రావడం మొదలైంది. కానీ ఈలోగా పైలట్ విమానం ముక్కును పైకి ఎత్తి, అలాగే పట్టుకున్నాడు. స్టాల్ (రెక్కలు విమానాన్ని పైకి నిలపలేని స్థితి) హెచ్చరిక పదేపదే మోగింది. నాలుగున్నర నిమిషాల లోపే విమానం సముద్రంలో పడింది. 228 మంది చనిపోయారు. అంత ఎత్తులో చేత్తో నడపడంలో వాళ్లకు శిక్షణ లేదని దర్యాప్తు నివేదిక రాసింది. యంత్రం తేలిక పనులన్నీ తనే చేసేసి, కష్టమైనవి మాత్రం మనిషికి వదులుతుంది. పైగా వాటికి కావలసిన అభ్యాసాన్ని కూడా లాగేసుకుంటుంది. లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతి 1983లోనే చెప్పారు.

2009లోనే జనవరి 15న పక్షులు తగిలి రెండు ఇంజన్లూ దెబ్బతిన్న విమానాన్ని సలెన్‌బర్గర్ అనే పైలట్ న్యూయార్క్‌లోని హడ్సన్ నదిలో దించారు. 155 మందీ బతికారు. ఆయనకు దాదాపు 20 వేల గంటలు నడిపిన అనుభవం ఉంది. ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడే ఆపేస్తారు. కానీ ఆ ఎయిర్‌బస్ కంప్యూటర్లు కూడా వేగం మరీ పడిపోకుండా, స్టాల్ కాకుండా కాపు కాశాయి. ఎక్కడ దిగాలో తేల్చుకున్నది మనిషి. ఆ నిర్ణయం చెడకుండా చూసింది యంత్రం.

చదరంగంలో 2005 నాటి ముచ్చట ఒకటి రెండో దారికి సాక్ష్యంగా చూపిస్తుంటారు. మనుషులూ కంప్యూటర్లూ జట్టుగా ఆడే పోటీలో, మామూలు కంప్యూటర్లతో వచ్చిన ఇద్దరు ఔత్సాహికులు గ్రాండ్‌మాస్టర్లున్న జట్లను దాటి గెలిచారు. నాకు మాత్రం ఇది మొదటి దారికే సాక్ష్యంగా కనిపిస్తుంది. ఏ ప్రోగ్రాం చేత దేన్ని ఎంత లోతుగా వెతికించాలో వాళ్లకు తెలుసు. అదీ చెయ్యి తిరిగితేనే వచ్చే విద్య. ఇప్పటి ప్రోగ్రాములు ఎంత ముదిరిపోయాయంటే ఆ విద్యకూ పెద్దగా విలువ మిగల్లేదు, అది వేరే సంగతి.

కాబట్టి నేనైతే ఒక్కటే చూస్తాను: యంత్రం తప్పు చేస్తే, అది తప్పని ఎవరికి తెలుస్తుంది? ఎవరికైనా ఇట్టే తెలిసిపోయే పనైతే రెండో దారి చాలు, ఏళ్లు ధారపోయనక్కర్లేదు. పైకి సరిగ్గానే కనిపిస్తూ లోపల కుళ్లే పనైతే, ముందు చేత్తో నేర్చుకుని ఆ తర్వాతే యంత్రానికి అప్పగించాలి. ఈ వరస తిరగబడితే సరిచేసుకోవడం చాలా కష్టం.

అమెరికా నావల్ అకాడమీ ఒకప్పుడు మానేసిన విద్యను, అంటే నక్షత్రాలను చూసి ఓడ ఎక్కడుందో లెక్కగట్టడాన్ని, 2015లో మళ్లీ నేర్పడం మొదలుపెట్టింది. మొదట పెట్టింది కొద్ది గంటల పాఠమే. దాంతో సెక్స్‌టెంట్ (నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో కొలిచే పనిముట్టు) పట్టుకోవడం వస్తుందేమో గానీ, చెయ్యి తిరగదు.