మెయిల్‌రూమ్ మెషిన్‌కి ప్యాలెట్టా, చెక్కపెట్టా?

అమెరికాలో ఉత్తరాలు మడిచి కవర్లలో పెట్టే మెషిన్‌ని లారీ ఫ్రైట్‌లో పంపేటప్పుడు తేలని సందేహం ఇది.

ఖర్చు: ప్యాలెట్ (సరుకు కింద పెట్టే చెక్క దిమ్మ) చవక. చెక్కపెట్టెకు కలప, కూలీ, పైగా అదనపు బరువు.

క్లాస్ (కిరాయి రేటును తేల్చే సరుకు తరగతి; అంకె పెరిగితే కిరాయీ పెరుగుతుంది): అది డెన్సిటీతో, అంటే ఘనపుటడుగుకు ఎంత బరువో దాన్ని బట్టి, తేలే సరుకైతే టేపు పట్టుకోండి. 48×40 అంగుళాల ప్యాలెట్‌పై 400 పౌన్లు, మొత్తం ఎత్తు 48 అంగుళాలైతే ఘనపుటడుగుకు 7.5 పౌన్లు, అంటే క్లాస్ 125. ఎత్తు 40కి దించితే 9 పౌన్లు, క్లాస్ 100. పైన ఊరికే కూరిన ఫోమ్‌కీ మనమే కిరాయి కట్టాలన్నమాట!

రిస్క్: ప్యాలెట్‌పై వేరే సరుకు ఎక్కిస్తే కాగితాలు అందించే ఫీడర్ ట్రేలు విరుగుతాయి. పెట్టెలో ఆ టెన్షన్ తక్కువ.

శ్రమ: రెండింటికీ ట్రేలు విప్పాలి, రోలర్లు కదలకుండా కట్టాలి. ఫ్రాంకింగ్ మీటర్ (కవర్లపై తపాలా ముద్ర వేసే పరికరం) అద్దెది, దాన్ని కలిపి పంపేయకండి.

ఒకే లారీలో నేరుగా వెళ్తే ప్యాలెట్ చాలు. టెర్మినళ్లలో దించి ఎక్కిస్తారంటే, ఖరీదైన మెషిన్‌కి చెక్కపెట్టే.