ఆ 1,499 రూపాయల 'ప్రీమియం తెలుగు ఫాంట్' కొనకండి, అది ఉచితంగా దొరికే 'బాలూ తమ్ముడు' ఫాంటే

ఫ్లెక్సీలు, పోస్టర్లు చేసేవాళ్ళకి ఆ ఫాంట్ అమ్మేవాడి పేజీ పేరు చెప్పనక్కర్లేదు, రోజూ ఫీడ్‌లో తగులుతూనే ఉంటుంది. "ఇంకెక్కడా దొరకదు, కమర్షియల్ లైసెన్స్‌తో సహా" అని. బొద్దుగా, గుండ్రంగా, రోడ్డు అవతలి నుంచి కూడా చదవగలిగే అక్షరాలు. చేతిలో టిఫిన్ సెంటర్ బోర్డు పని ఉంది, డబ్బు కట్టాను.

'ఇడ్లీ' కొడితే 'ఇడ్‌లీ' అని పడింది. 'శ్రీ' కొడితే 'శ్‌రీ'. ఒక్క ఒత్తూ కిందకి చేరదు. వాడి పేజీలోని శాంపిల్ బొమ్మలో మాత్రం అన్నీ చక్కగా ఉన్నాయి! అనుమానమొచ్చి ఫైల్ ప్రాపర్టీస్ తెరిచాను. పైన వాడు పెట్టిన కొత్త పేరు, కాపీరైట్ దగ్గర ఏక్ టైప్ అని ఫాంట్లు గీసే సంస్థ పేరు అలాగే ఉంది. ఉచిత ఫాంట్లు దొరికే గూగుల్ ఫాంట్స్ సైట్ నుంచి ఆ సంస్థ గీసిన బాలూ తమ్ముడు దించుకుని, 'బ' మీద 'బ' పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. పేరు మార్చే పనిలో ఒత్తుల్ని కలిపే ఓపెన్‌టైప్ సూచనలు ఫైల్లోంచి ఎగిరిపోయాయి. అంటే ఉచితంగా దొరికేదాన్ని పాడుచేసి మరీ అమ్ముతున్నాడు.

వెంటనే ఫోన్ చేశాను. డబ్బు పడేదాకా "అన్నా, అన్నా" అన్న మనిషి, "ఫ్రీ అని తెలిస్తే నువ్వు కొంటావా? తెలీదు కాబట్టే కొన్నావు. డబ్బులు రావు, పెట్టెయ్" అన్నాడు. పక్కనెవరో నవ్వడం కూడా వినిపించింది. మెసేజ్ పెట్టేలోపు బ్లాక్ చేసేశాడు. పోయిన డబ్బు కంటే ఆ మాటకే ఇంకా ఒళ్ళు మండుతోంది. మనకి తెలియకపోవడమే వాడికి పెట్టుబడి అన్నమాట!

బాలూ ముంబైలోని ఏక్ టైప్ వాళ్ళ పని. తెలుగులో తమ్ముడు, తమిళంలో తంబి, మలయాళంలో చేట్టన్, గుజరాతీలో భాయ్. ఇన్ని లిపులకి ఓపిగ్గా గీసి, ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేశారు. షాపు బోర్డుకి, పిల్లల పుస్తకం అట్టకి, థంబ్‌నెయిల్‌కి, మనం డబ్బు తీసుకుని చేసే ఏ పనికైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఫాంటును విడిగా మాత్రం అమ్మకూడదు. వీడు సరిగ్గా అదే చేశాడు. పైగా లైసెన్స్ అని ఒక పీడీఎఫ్ ఇచ్చాడు, గీసినవాళ్ళ పేరు అందులో ఎక్కడా లేదు. నా డబ్బు సంగతి అలా ఉంచండి, అది వాళ్ళ కష్టం.

కావలసినవాళ్ళు గూగుల్ ఫాంట్స్‌లో బాలూ తమ్ముడు 2 (అదే ఫాంట్ కొత్త వెర్షన్) తీసుకోండి. రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా ఐదు మందాలున్నాయి. మరీ లావుది చిన్న సైజు అక్షరాలకి వద్దు, ఒత్తుల దగ్గర పూడుకుపోతుంది. ఎవరి దగ్గర ఫాంట్ కొన్నా ముందు 'స్త్రీ', 'లక్ష్మి' టైప్ చేసి వీడియో పంపమనండి. ఇప్పటికే కట్టేసినవాళ్ళు పేమెంట్ స్క్రీన్‌షాట్, చాట్ దాచుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.