ఉడికించని పండు గొంతుకు పడకపోతే ఏది మేలు: తొక్క తీయడమా, ఉడికించడమా, మాత్ర వేసుకోవడమా?

నలభై ఏళ్లు హాయిగా తిన్న యాపిల్ నాకు ఒక సాయంత్రం ఉన్నట్టుండి పడలేదు. రెండు ముక్కలు తిన్నానో లేదో అంగిలి దురద మొదలైంది. కింది పెదవి మందంగా అయింది, చెవుల లోపల కూడా జిల పుట్టింది. అరగంటలో అన్నీ సర్దుకున్నాయి. అప్పటి నుంచి ఇదే ఇబ్బంది ఉన్న స్నేహితులు, బంధువులు అందరూ నన్ను ఒకే మాట అడుగుతున్నారు: తొక్క తీసి తినాలా, ఉడికించి తినాలా, ముందుగా అలర్జీ మాత్ర వేసుకోవాలా?

హైదరాబాదులో ఎవరైనా మొదట అనుమానించేది మైనాన్నీ మందులనూ, మామిడి అయితే కార్బైడునూ. నేనూ యాపిళ్లను ఉప్పునీళ్లలో నానబెట్టి చూశాను, దురద తగ్గలేదు. కారణం పండులోని ప్రోటీనే. ఏళ్ల తరబడి పుప్పొడికి తుమ్మిన శరీరం, అదే పోలికతో ఉన్న పండు ప్రోటీనును చూసి పుప్పొడే అనుకుంటుంది. ఐరోపాలో ఈ బాధకు ఎక్కువగా బర్చ్ చెట్టు కారణం. మన దక్కనులో ఆ చెట్టు పెరగదు. ఇక్కడ గాలిలో ఉండేది గడ్డి పుప్పొడి, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ, సర్కారు తుమ్మ. ఏళ్ల తరబడి పుప్పొడి పీల్చాకే శరీరం ఇలా పొరబడుతుంది కాబట్టి, పెద్దయ్యాక కూడా ఇది కొత్తగా మొదలవుతుంది.

తొక్క తీయడం కొందరికి కొంత పనిచేస్తుంది. యాపిల్, పీచ్ పండ్లలో కొన్ని ప్రోటీన్లు తొక్కలోనే ఎక్కువ. కానీ గుజ్జులోనూ ఉంటాయి కాబట్టి నాకు దురద ఆలస్యమైందే తప్ప ఆగలేదు.

నేను ఎంచుకున్నది ఉడికించడం. ఇలా పుప్పొడిని పోలిన ప్రోటీన్లు చాలా వరకు వేడికి రూపం చెడిపోతాయి, శరీరం వాటిని గుర్తుపట్టదు. పెళ్లి విందుల్లో ఖుబానీ కా మీఠా నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. అందులోని ఆప్రికాట్ యాపిల్ కుటుంబానిదే, కాకపోతే బాగా ఉడికింది. డాక్టరు సరేనన్నాక ఇంట్లోనూ చేసి చూశాను. ముక్కల మీద రెండు చెంచాల నీళ్లు చల్లి, చిన్న దాల్చినచెక్క ముక్క వేసి మూత పెట్టాను. చెంచా ఒత్తితే దిగేంత మెత్తబడ్డాక గోరంత ముక్క నాలుక మీద పెట్టుకుని అరగంట ఆగాను. ఏమీ కాలేదు. ఆ రోజు నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు.

అయితే ఇది అందరికీ సరిపోదు. ఉడికించినదీ పడకపోతే అది వేడికి చెడని ప్రోటీను, అప్పుడు ఆ పండు జోలికి పోకూడదు. మామిడి విషయంలో నేను వేడిని అసలు నమ్మను, దాని ప్రోటీన్లు గట్టివి. మామిడి సొనకు ఒకటి రెండు రోజుల తర్వాత మూతి చుట్టూ వచ్చే దద్దుర్లు వేరే సంగతి. అక్కడ మాత్రం తొక్కను వేరొకరు తీసి ఇవ్వడమే మేలు.

మాత్ర వేసుకుని తినడం నాకు ఏమాత్రం నచ్చదు. సెటిరిజిన్ దురదను తగ్గిస్తుంది, గొంతు వాపును ఆపుతుందన్న భరోసా లేదు. దురద అంటే శరీరం వేసే మొదటి కేక. దాన్ని నొక్కేస్తే మనం ధీమాగా మూడో ముక్క, నాలుగో ముక్క తినేస్తాం. నా దృష్టిలో తేల్చవలసింది ఇక్కడే: ఎంచుకునే పద్ధతి హెచ్చరికను తొలగించకూడదు, కారణాన్ని తొలగించాలి. ఉడికించడం చేసేది అదే.

పూర్తిగా మానేయడానికి పెద్దగా ఆలోచించనక్కరలేదు. ఖర్బూజా ఉడికించే పండు కాదు, మానేశాను. కివీ కూడా అంతే.

గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, వాంతులైనా, కళ్లు తిరిగినా ఈ పోలికలన్నీ పక్కనపెట్టి వెంటనే 108కి ఫోను చేయాలి. నోటి దురదతో ఆగిపోయేవారు కూడా ఒకసారి అలర్జీ డాక్టరుకు చూపించుకోవాలి. పరీక్షకు వెళ్లేటప్పుడు మీకు పడని పండునే తొక్కతో సహా తీసుకువెళ్లండి. పరీక్షకు వాడే సీసాల్లోని పండు సారంలో ఈ ప్రోటీన్లు తరచూ చెడిపోతాయి. అందుకే తాజా పండులో సూది గుచ్చి, అదే సూదితో చర్మం మీద చూస్తారు. అంతకు ఎన్ని రోజుల ముందు అలర్జీ మాత్రలు ఆపాలో ఫోనులోనే అడిగి తెలుసుకోండి, లేదంటే పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు.