కల్చర్ రిపోర్టు చూసి మందు తగ్గించారు, మెడికల్ వార్డుకి ఫుల్ మార్కులు, సర్జరీ వార్డుకి కాదు

మా అత్తయ్యగారికి యూరిన్ ఇన్ఫెక్షనూ చలిజ్వరమూ వస్తే గుంటూరులో ఈ హాస్పిటల్లోనే చేర్చాం. రూములు, క్యాంటీన్ గురించి చాలామంది రాసేశారు కాబట్టి నేను యాంటీబయోటిక్స్ సంగతి ఒక్కటే రాస్తా.

డ్యూటీ డాక్టరమ్మ రాగానే అడిగింది, వచ్చేముందు ఏం మాత్రలు వేశారు, అట్ట ఉంటే చూపించండి అని. ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చిందే, ఎర్రగీత ఉన్న అట్ట, అంటే డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. అవి పడ్డాక కల్చర్‌లో (ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో ల్యాబులో పెంచి చూసే టెస్టు) క్రిమి పెరక్కపోవచ్చు అంది, అయినా యూరిన్, బ్లడ్ తీసుకున్నాకే సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయోటిక్ ఇంజక్షన్ మొదలెట్టారు. మావయ్యగారేమో "ఆ మెరోపెనెం వేసెయ్యండమ్మా, ఖర్చు చూడొద్దు" అని ఒకటే గొడవ, ఎవరో ఫ్రెండుకి వేరేచోట ఆ పెద్ద యాంటీబయోటిక్కే వేశారంట. "బీపీ బానే ఉంది అంకుల్, అంత సీరియస్ కాదు, దాన్ని ఇప్పుడే వాడేస్తే రేపు నిజంగా అవసరమైనప్పుడు ఏం వెయ్యాలి" అంది ఆవిడ. ఈయన నమ్మితేగా, రాత్రంతా సణుగుడే.

నాకు బాగా నచ్చింది కేస్ షీటు. ఏ యాంటీబయోటిక్, ఎందుకు, మళ్ళీ ఎప్పుడు చూడాలి అన్నీ రాసుంది. 2024 జనవరిలో కేంద్రం నుంచి ఆరోగ్య సేవల డైరెక్టరేట్ (డీజీహెచ్‌ఎస్) మెడికల్ కాలేజీ డాక్టర్లకి లెటర్ రాసింది కదా, యాంటీబయోటిక్ రాస్తే కారణం కూడా రాయండి అని, ఇది ప్రైవేటు అయినా ఇక్కడ నిజంగా రాస్తున్నారు. అదే నెల్లో వచ్చిన, కేంద్రం వ్యాధి నియంత్రణ సంస్థ ఎన్‌సీడీసీ సర్వేలో 20 పెద్దాసుపత్రుల పేషెంట్లలో 71.9 శాతం మందికి యాంటీబయోటిక్స్ నడుస్తున్నాయని తేలింది, అందులో సగానికి పైగా ఇన్ఫెక్షన్ ఉండి కాదు, రాకుండా ముందుజాగ్రత్తకి! ఇక్కడ రౌండ్స్‌లో ఫార్మ్-డీ (మందుల వాడకం మీద కోర్సు) చదివిన అమ్మాయి ఒకామె ఫైలు పట్టుకుని ఇది ఇంకా ఎందుకు నడుస్తోంది సార్ అని పెద్ద డాక్టర్నే అడుగుతుంది, ఆయన విసుక్కోకుండా సమాధానం చెప్తాడు, అది చూసి నేనే ఆశ్చర్యపోయా.

కల్చర్‌లో ఈ కోలై అనే బ్యాక్టీరియా వచ్చింది. జ్వరం తగ్గింది, తింటున్నారు కాబట్టి ఇంజక్షన్ ఆపేసి రిపోర్టులో పనిచేస్తుందని వచ్చిన మాత్రకి మార్చి, చేతికున్న సూది తీసేసి ఇంటికి పంపేశారు. బిల్లు కూడా మేం అనుకున్నదానికన్నా తక్కువే వచ్చింది.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే సర్జరీ వార్డు. మా కజిన్‌కి ఇక్కడే హెర్నియా ఆపరేషన్ అయింది, కోతకి ముందు గంటలోపు ఒక యాంటీబయోటిక్ డోసు ఇస్తే చాలు, మహా అయితే 24 గంటల్లో ఆపెయ్యాలి, వాడికి డిశ్చార్జ్ దాకా ఇంజక్షన్లు, ఇంటికెళ్ళాక మళ్ళీ మాత్రలు. అడిగితే "సేఫ్టీకి" అన్నారంతే. కింది ఫ్లోర్లో అన్ని ప్రశ్నలేసే ఆ అమ్మాయి పై ఫ్లోర్‌కి వెళ్ళదా మరి?

ఇంకోటి, కల్చర్ రిపోర్టు కాపీ అడక్కపోతే ఇవ్వరు, డిశ్చార్జ్ అప్పుడు గుర్తుపెట్టుకుని తీసుకోండి, మళ్ళీ ఇన్ఫెక్షన్ వస్తే వేరే డాక్టరుకైనా చూపించొచ్చు.